కప్పట్రాళ్ళ సంగతి సరే, మన బోర్ల సంగతేంటి?

2024 నవంబర్ మొదట్లో మా టెన్త్ క్లాస్ వాట్సాప్ గ్రూపు ఒక్కసారిగా వేడెక్కింది. మామూలుగా అందులో గుడ్ మార్నింగ్ బొమ్మలూ, పత్తికొండ మార్కెట్లో టమాటా రేట్లూ తప్ప ఇంకేం ఉండవు. ఆ వారం మాత్రం అందరూ సైంటిస్టులైపోయారు. విషయం మీకూ గుర్తుండే ఉంటుంది. దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ అడవిలో యురేనియం కోసం 68 బోర్లు వేసి చూస్తామని అణు ఖనిజాల డైరెక్టరేట్ వాళ్ళు అనడం, చుట్టుపక్కల ఊళ్ళ జనం రోడ్డెక్కడం, ఆఖరికి ఆ పని ఆపేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించడం. అన్నీ కొద్ది రోజుల్లోనే అయిపోయాయి.

ఆపేశారని తెలిసిన రోజు గ్రూపులో చప్పట్ల బొమ్మలే బొమ్మలు. నేను కూడా ఒకటి పెట్టా, అబద్ధం ఎందుకు. కానీ ఆ వారమంతా నడిచిన వాదన చూస్తే మటుకు నాకు తల తిరిగింది. ఒకాయన "68 బోర్లు వేస్తే ఆదోని దాకా నీళ్ళన్నీ విషమైపోతాయ్" అంటాడు. ఇంకొకాయన (ఈయన హైదరాబాదులో ఏదో పెద్ద కంపెనీలో మేనేజరు) "ఒట్టి బోర్లే కదా, మనం వేసుకోవట్లేదా, ఏం కాదు" అంటాడు. ఇద్దరూ భూమి లోపల ఏదో ఒక పెద్ద సంపు ఉన్నట్టు, అందులో నీళ్ళు నిండి ఉన్నట్టు, ఒక మూల చుక్క ఇంకు వేస్తే మొత్తం నీలం అవుతుందనో, లేకపోతే ఎక్కడ వేసింది అక్కడే ఉంటుందనో మాట్లాడుతున్నారు. రెండూ తప్పే. అసలు ఆ సంపు అనే ఊహే తప్పు.

నేను జియాలజిస్టుని కాదు, ముందే చెప్పేస్తున్నా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జావా రాసుకునే బాపతే. కానీ మా ఊరు పత్తికొండ దగ్గరే, మా నాయనకి చేనులో మూడు బోర్లు, అందులో రెండు చచ్చినవి. ఆ మూడింటి పుణ్యమా అని నాలుగైదేళ్ళుగా ఈ సబ్జెక్టు చదువుతూ ఉన్నా. చదివిన కొద్దీ, కప్పట్రాళ్ళ కంటే మన పెరట్లో ఉన్న బోర్ల గురించే ఎక్కువ భయపడాలేమో అనిపించింది. ఎందుకో చెప్తా.

చిన్నప్పుడు మా జేజి వాళ్ళ చేనులో ఒక మోటబావి ఉండేది. నీళ్ళు తగ్గినప్పుడు దిగి చూస్తే గోడలు పుస్తకంలా కనపడేవి. పైన మూడు నాలుగు అడుగులు మట్టి. (మా వైపు ఎర్రమట్టి, ఆదోని, ఎమ్మిగనూరు వైపు పోతే నల్లరేగడి.) దాని కింద మొరం, చేత్తో నలిపితే పొడి అయ్యే రాయి. ఇంకా కిందికి పోతే గట్టి రాయి, కానీ దానికి అడ్డంగా పగుళ్ళు. ఆ పగుళ్ళ నుంచే ఊట వచ్చేది. మా జేజి దాన్ని చూపించి "అదిగో జల" అనేది. దానికింద ఒట్టి బండ.

తర్వాత చాలా ఏళ్ళకి హైదరాబాదులోని ఎన్జీఆర్ఐ వాళ్ళూ, ఫ్రెంచి శాస్త్రవేత్తలూ కలిసి రాసిన పేపర్లు చదివా. హైదరాబాదు పక్కన మహేశ్వరం దగ్గర, మనలాంటి గ్రానైటు నేలలోనే వాళ్ళు ఏళ్ళ తరబడి పని చేశారు. మారెషాల్, దెవాందెల్, సుబ్రహ్మణ్యం, షకీల్ అహ్మద్ వగైరా. వాళ్ళు తేల్చింది దాదాపు మా జేజి చెప్పిందే :-) పైన మెత్తబడిన రాతి పొర నీళ్ళని దాచిపెడుతుంది కానీ తొందరగా వదలదు. దాని కింద పగుళ్ళ పొర ఎక్కువ దాచుకోదు కానీ జోరుగా పారిస్తుంది. ఆ కింద, లోతు పెరిగేకొద్దీ పగుళ్ళు తగ్గిపోయి ఒట్టి బండ మిగులుతుంది. అంటే మన భాషలో చెప్పాలంటే పైపొర స్టోరేజీ, కింది పొర నెట్‌వర్క్. రెండూ ఒకటే అనుకుంటే లెక్క ఎప్పటికీ రాదు.

లెక్క అన్నా కాబట్టి ఒక చిన్న లెక్క. 1856లో ఫ్రాన్సులో దీజోన్ ఊరి నీటి సరఫరా చూసిన ఆంరీ డార్సీ అనే ఇంజనీరు ఒక సూత్రం ఇచ్చాడు. ఇసుకలో నీళ్ళు ఎంత పారతాయనేది వాలుని బట్టీ, ఆ ఇసుక ఎంత సులువుగా పారనిస్తుందనే దాన్ని బట్టీ ఉంటుంది. ఉదాహరణకి కిలోమీటరుకి 5 మీటర్లు వాలు అనుకుందాం. పారనిచ్చే గుణం రోజుకి 1 మీటరు అనుకుందాం. గుణిస్తే రోజుకి 5 మిల్లీమీటర్లు. కానీ నీళ్ళు రాయి మొత్తంలో పారవు, రాయిలో ఉన్న ఖాళీల్లోనే పారతాయి. ఖాళీ నూటికి 5 వంతులుంటే నిజమైన వేగం రోజుకి 10 సెంటీమీటర్లు, ఏడాదికి 36 మీటర్లు. అదే పగుళ్ళ రాయిలో ఖాళీ నూటికి అరవంతే అనుకోండి, అదే వాలుకి, అదే నీళ్ళకి, ఏడాదికి 365 మీటర్లు. పది రెట్లు! నీళ్ళు పెరగలేదు, వాలు పెరగలేదు, దారి ఇరుకైంది అంతే. ఈ అంకెలు నేను ఉదాహరణకి తీసుకున్నవే, మీ ఊరికి వేరేగా ఉంటాయి. కానీ ఒక విషయం చూడండి. పక్కపక్కనే ఉన్న రెండు పొరల్లో ఒకే ఉప్పు, ఒకదాంట్లో నడుస్తూ పోతుంది, ఇంకోదాంట్లో బస్సెక్కి పోతుంది.

అందుకే "ఇంత దూరంలో ఉంది కాబట్టి మాకేం కాదు" అనే మాటకీ, "మొత్తం జిల్లా నాశనం" అనే మాటకీ రెండింటికీ అర్థం లేదు. దూరం కాదు, ఏ పగులు ఏ పగులుతో కలిసింది అన్నదే ప్రశ్న.

దీన్ని బయటి దేశాల్లో ప్రత్యేకంగా పరీక్షించి చూశారు. 1982లో కెనడాలోని బోర్డెన్ అనే సైనిక స్థావరం దగ్గర ఇసుక నేలలోకి దాదాపు 12 ఘనమీటర్ల నీళ్ళు, అందులో క్లోరైడు, బ్రోమైడు, కొన్ని రసాయనాలు కలిపి వదిలారు. వేల చోట్ల, వేరు వేరు లోతుల్లో నమూనాలు తీస్తూ మూడేళ్ళ దాకా వెంబడించారు. ఆ మబ్బు రోజుకి 9 సెంటీమీటర్ల చొప్పున నెమ్మదిగా పోయింది, పొడవుగా సాగింది, పక్కలకీ పైకీ కిందికీ మాత్రం పెద్దగా పరుచుకోలేదు. క్లోరైడు నీళ్ళతో సమానంగా పోతే, కొన్ని రసాయనాలు మట్టికి అంటుకుంటూ వెనకబడ్డాయి. పాఠ్యపుస్తకంలో బొమ్మలాగా వచ్చిందన్నమాట. ఇలాంటిదే అమెరికాలో మిసిసిప్పీ రాష్ట్రం కొలంబస్‌లో గులకరాళ్ళూ ఇసుకా కలగాపులగంగా ఉన్న నేలలో చేశారు. అక్కడ పుస్తకం పనిచేయలేదు. పోసిన దాంట్లో ఎక్కువ భాగం పోసిన చోటి దగ్గర్లోనే చతికిలబడింది, కొద్ది భాగం మాత్రం సులువైన దారులు దొరికి చాలా దూరం పరిగెత్తింది. మన గ్రానైటు పగుళ్ళు రెండో రకం, ఇంకా మాట్లాడితే అంతకంటే అడ్డదిడ్డం.

సగటు తీస్తే ఇక్కడ మోసపోతాం. మన ఐటీ జనాలకి ఇది కొత్త కాదు. సర్వర్ సగటు రెస్పాన్స్ టైం 200 మిల్లీసెకండ్లు అని చూపించి మేనేజరు సంబరపడుతుంటే, నూటికి ఒక యూజర్ పది సెకండ్లు కాచుకుని మనల్ని తిట్టుకుంటూ ఉంటాడు. బోరు నీళ్ళ పరీక్ష కూడా అచ్చం అంతే. బోరు అంటే నాలుగు పగుళ్ళ నీళ్ళు ఒకే గొట్టంలో కలిసి పైకి రావడం. అందులో ఒక పగులులో ఫ్లోరైడు దండిగా ఉన్నా, మిగతా మూడూ బాగుంటే రిపోర్టు 'పరవాలేదు' అని వస్తుంది. ఎండాకాలంలో ఆ మూడూ ఎండిపోయి ఒకటే మిగిలితే? అప్పుడు ఎవరూ పరీక్ష చేయించరు.

మా ఇంటి సంగతే చూడండి. వంక పక్కన బోరు బతికున్నప్పుడు దాని నీళ్ళు చప్పగా, తాగడానికి హాయిగా ఉండేవి. దాని నుంచి గట్టిగా డెబ్భై మీటర్లు ఉండదు, ఇంకో బోరు. అవి ఉప్పు నీళ్ళు, పప్పు ఉడకదు. చిన్నప్పుడు దీనికి మా నాయన చెప్పిన కారణం "అది వంక తల్లి ఇచ్చే నీళ్ళు రా, ఇది బండ ఇచ్చే నీళ్ళు" అని. ఒకసారి పట్టుబట్టి రెండు నీళ్ళూ సీసాల్లో పట్టి ఒక ప్రైవేటు ల్యాబులో ఇచ్చా. టీడీఎస్ ఒక్కటి కొలిచి కాగితం చేతిలో పెట్టారు. ఫ్లోరైడు అడిగితే "దానికి వేరే ఛార్జి సార్, ముందే చెప్పాల్సింది" అన్నారు. మళ్ళీ ఇచ్చా. చప్ప నీళ్ళలో లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాము పరిమితి లోపే ఉంది. ఉప్పు నీళ్ళలో దాటింది. డెబ్భై మీటర్లు!

ఫ్లోరైడు మనకి కొత్తదేం కాదు. మన దేశంలో ఈ జబ్బుని మొదట వైద్యశాస్త్రం గుర్తించింది మన తెలుగు నేల మీదే. 1937లో షార్ట్ అనే డాక్టరూ ఆయన సహచరులూ అప్పటి నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి ప్రాంతపు జనం ఎముకలు చూసి రాశారు. నల్గొండ కథ అందరికీ తెలుసు, పటికా సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి ఆ ఊరి పేరే పెట్టారు. రాతిలోనే ఉంటుంది, నీళ్ళు కరిగించుకుంటాయి, మనం ఏం చేస్తాం అని సరిపెట్టుకుంటాం. కానీ మహేశ్వరం వాళ్ళు 2013లో వేసిన ఒక పేపరు చదివితే అంత సులువుగా చేతులు దులుపుకోలేం. బోరు నీళ్ళతో వరి పండిస్తారు. మడిలో నీళ్ళు సగానికి పైగా ఎండకి ఆవిరై పోతాయి, ఉప్పులు పోవు. మిగిలిన నీళ్ళు ఉప్పుల్ని మోసుకుని మళ్ళీ కిందికి దిగుతాయి. అవే మళ్ళీ బోరులోంచి పైకి. ప్రతి చుట్టుకీ చిక్కదనం పెరుగుతుంది. పైగా ఈ క్రమంలో నీళ్ళలోని కాల్షియం సున్నపు గడ్డగా మారి బయటికి పోతుంది, కాల్షియం తగ్గితే ఫ్లోరైడుని పట్టి ఉంచేవాడు లేక అది ఇంకా ఎక్కువ కరుగుతుంది. మెమరీ లీక్ అంటే ఇదే కదండీ. ఒక్కో రిక్వెస్టుకి పోయేది కొంచెమే, సర్వర్ మాత్రం ఒక రోజు కూలిపోతుంది.

మా వైపు వరి తక్కువే అనుకోండి. టమాటా, వేరుశనగ, ఉల్లి, పత్తి. డ్రిప్పు వచ్చాక తిరిగి దిగే నీళ్ళు కూడా తగ్గాయి. హంద్రీ-నీవా కాలువ వచ్చాక, పత్తికొండ రిజర్వాయరు నిండాక, చుట్టుపక్కల కొన్ని బోర్లకి ప్రాణం వచ్చిన మాటా నిజమే. కృష్ణ నీళ్ళు దిగితే ఫ్లోరైడు పలచబడాలి. పలచబడుతుంది కూడా, కొన్నిచోట్ల. కొన్నిచోట్ల మాత్రం ఏళ్ళ తరబడి ఎండిన పైపొరలో పేరుకున్న ఉప్పుల్ని ఆ కొత్త నీళ్ళే కడిగి కిందికి తోస్తాయి. ఏది ఎక్కడ జరుగుతోందో కొలిస్తే కానీ తెలీదు.

కొలత గురించి మాట్లాడితే నాకు ఎప్పుడూ మన్రో దొర గుర్తొస్తాడు. సర్ థామస్ మన్రో, సీడెడ్ జిల్లాల కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు. 1827 జూలై 6న కలరాతో చనిపోయింది మా పత్తికొండలోనే. ఆయన గుర్తుగా ఇక్కడ ప్రభుత్వం ఒక తోపు వేయించి, రాతిమెట్ల బావి కట్టించింది. కలరా నీళ్ళలో వస్తుందని లండన్లో జాన్ స్నో ఒక పంపు దగ్గర చూపించింది 1854లో. అంటే కలరాతో పోయిన మనిషికి స్మారకంగా బావి కట్టినప్పుడు, ఆ రెంటికీ సంబంధం ఉండొచ్చని ఎవరికీ తెలీదు. మెట్ల బావిలో కాళ్ళు కడిగి, అందులోనే తాగితే నారి పురుగు వస్తుందని తెలిసి ఆ బావులు మూయించేదాకా ఇంకా చాలా కాలం పట్టింది. మన దేశం నారి పురుగు నుంచి బయటపడింది 2000లో.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, బావి నుంచి బోరుకి మారినప్పుడు మనం క్రిముల నుంచి తప్పించుకున్నాం. క్రిములు మట్టిలో నెమ్మదిగా నడిచేటప్పుడు దారిలోనే చాలావరకు చస్తాయి, వడపోత అయిపోతుంది. ఉప్పులు చావవు. ఫ్లోరైడుకీ నైట్రేటుకీ ఆయుష్షు లేదు. "లోతు బోరు నీళ్ళు శుద్ధంగా ఉంటాయి" అనే నమ్మకం క్రిముల కాలం నాటిది, దాన్నే రసాయనాలకీ వాడేస్తున్నాం.

ఇప్పుడు అసలు నా బాధకి వస్తా.

బోరు వేసేటప్పుడు మీరెప్పుడైనా దగ్గరుండి చూశారా? తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు, రాత్రంతా మోత, తెల్లారేసరికి బూడిదలా రాతిపొడి. పైన మెత్తటి భాగం కూలకుండా కేసింగ్ గొట్టం దించుతారు, గట్టి రాయి తగిలేదాకానే. అక్కడినుంచి కిందంతా ఖాళీ రంధ్రం. కేసింగ్ చుట్టూ ఉన్న సందుని సిమెంటుతో బిగించాలి, కానీ నేను చూసినంతలో ఎవరూ బిగించరు, మట్టి తోసి వదిలేస్తారు. నీళ్ళు పడకపోతే ఆ గొట్టాన్ని కూడా పీక్కుపోతారు, అది డబ్బు కాబట్టి. మిగిలేది నాలుగు వందలో ఎనిమిది వందలో అడుగుల తెరిచిన రంధ్రం.

ప్రకృతి లక్షల ఏళ్ళు పట్టి పొరల్ని వేరు వేరుగా పెట్టింది. మొరం పొర నీళ్ళు కింది పగుళ్ళలోకి దిగాలంటే సన్నటి దారుల్లో, మట్టికి రాసుకుంటూ, నెమ్మదిగా దిగాలి. మనం ఒక్క రాత్రిలో ఆరున్నర అంగుళాల గొట్టం దారి వేసేశాం. ఫైర్‌వాల్ పెట్టి, రెండు నెట్‌వర్కులు విడగొట్టి, ఆడిట్ పాసై కూర్చున్నాక, ఎవడో ల్యాబ్‌లో పిల్లాడు తెలీక రెండింటి మధ్యా ఒక కేబుల్ గుచ్చి పోతే ఎట్లా ఉంటుందో అట్లా. ఒకటి కాదు, ఊరికి వందల కేబుళ్ళు.

వానలు పడ్డాక ఎండిన బోరు మీద చెవి పెట్టి వినండి. లోపల జలజలమని నీళ్ళు కారుతున్న శబ్దం వినపడుతుంది. పైపొర నీళ్ళు, అంటే నిన్న చల్లిన యూరియా, మొన్న కొట్టిన మందు, పేడదిబ్బ ఊటా కలిసిన నీళ్ళు, నేరుగా కింది పగుళ్ళలోకి దుముకుతున్నాయన్నమాట. పగుళ్ళలోకి దిగాక వాటి వేగం పైన లెక్కలో చూశాం కదా, నడక కాదు, బస్సు.

సరే, తర్వాత ఎప్పుడో తెలివొచ్చి మూసేశామనుకుందాం. సమస్య తీరుతుందా? వెంటనే తీరదు. పగులులో చిక్కటి ఉప్పు నీళ్ళు పారుతున్నంతకాలం, పక్కనున్న రాతి గోడల్లోకి ఆ ఉప్పు కొద్దికొద్దిగా ఇంకుతుంది. దీని లెక్క విచిత్రంగా ఉంటుంది. మొదటి ఏడాదిలో ఎనిమిది సెంటీమీటర్లు ఇంకితే, పాతికేళ్ళకి ఇంకేది పాతిక రెట్లు కాదు, అయిదు రెట్లే, నలభై సెంటీమీటర్లు. దూరం కాలపు వర్గమూలంతో పెరుగుతుంది. 1855లో ఫిక్ అనే జర్మన్ వైద్యుడు కనిపెట్టిన సూత్రం నుంచి వచ్చే లెక్క ఇది. వినడానికి మంచి వార్తలా ఉంది కానీ వెనక్కి వచ్చేటప్పుడూ అదే నత్తనడక. పగులులో నీళ్ళు శుభ్రం కాగానే గోడల్లో దాక్కున్నది బయటికి కారడం మొదలెడుతుంది, ఏళ్ళ తరబడి. బగ్ ఫిక్స్ చేసి ప్రొడక్షన్లో పెట్టాక కూడా ఎక్కడో క్యాష్‌లోంచి పాత తప్పు డేటా వస్తూనే ఉంటుంది చూడండి, అదీ. అమెరికాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1994లో ఒక లెక్క తీసింది. చెడిపోయిన భూగర్భ జలాన్ని తోడి శుభ్రం చేస్తున్న 77 చోట్లలో 69 చోట్ల అప్పటికి అనుకున్న శుద్ధి రాలేదు. డబ్బుకి కొదవ లేని దేశంలో!

మన దగ్గర ఉదాహరణ కావాలంటే పటాన్‌చెరు ఉండనే ఉంది. మనలో చాలామంది రోజూ ఆ అవుటర్ రింగ్ రోడ్డు మీదే పోతుంటాం. ఫ్యాక్టరీల నీళ్ళు నక్కవాగులోకి వదిలితే, వాగు వెంబడి ఉన్న ఒండ్రు గుండా కాలుష్యం ఎలా పాకిందో 2001లోనే ఎన్జీఆర్ఐ శాస్త్రవేత్తలు కంప్యూటర్ మోడల్ కట్టి చూపించారు. 1990 నుంచే కేసు సుప్రీం కోర్టులో నడిచింది. 2009లో స్వీడన్ వాళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళ బావుల్లో నీళ్ళు పరీక్షిస్తే, చూసిన ప్రతి బావిలో మందుల అవశేషాలు దొరికాయి. (ఆ పేపరు మొదటి రచయిత పేరు కూడా ఫిక్కే. పై ఫిక్ వేరు, ఈయన వేరు. కానీ భలే కుదిరింది.)

మళ్ళీ కప్పట్రాళ్ళకి వద్దాం. ఆ 68 బోర్ల వల్ల ప్రమాదం ఏంటి? అన్వేషణ బోరులో ఎవరూ రసాయనాలు పోయరు. కాబట్టి మా గ్రూపులో ఒకాయన పెట్టిన పుర్రె బొమ్మ అతిశయోక్తే. కానీ మేనేజరు గారి "ఏం కాదు" కూడా ఒప్పుకోలేను. ఖనిజం ఉందనుకున్న పొర గుండా రంధ్రం చేసి, దాన్ని అడుగు నుంచి సిమెంటుతో నింపకపోతే, పైన చెప్పిన కేబుల్ కథే. యురేనియం విషయంలో ఇంకో మెలిక ఉంది. అది మామూలుగా మట్టికి అంటుకుని కదలకుండా ఉండే రకమే. కానీ గాలి తగిలిన నీళ్ళలో, బైకార్బొనేటు బాగా ఉంటే దాంతో జట్టు కట్టి నీళ్ళతో పాటు హాయిగా ప్రయాణం చేస్తుంది. మన రాయలసీమ బోరు నీళ్ళలో బైకార్బొనేటుకి కొదవా? దానికి తోడు ఎరువుల నుంచి వచ్చే నైట్రేటు కూడా దాన్ని కరిగించడానికి సాయపడుతుంది.

ఇక గనిదాకా పోతే అది వేరే కథ, దానికి పులివెందుల దగ్గర తుమ్మలపల్లె చూడాలి. అక్కడ రాయి గ్రానైటు కాదు, కడప సున్నపు రాయి, పొరలు పొరలుగా పరిచినట్టు ఉంటుంది. శుద్ధి అయ్యాక మిగిలిన వ్యర్థాన్ని నింపే చెరువు వల్ల తమ బోర్లు చెడిపోయాయని కొట్టాల వైపు రైతులు మొత్తుకున్నారు. చెరువు అడుగున వేయాల్సిన పొర వేయలేదని 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నోటీసిచ్చింది. యురేనియం కార్పొరేషన్ వాళ్ళేమో మా వల్ల కాదన్నారు. ఆ గొడవ అంతకాలం సాగడానికి నాకు కనపడే కారణం ఒకటే. గని రాకముందు ఆ బోర్లలో, ఏ లోతులో, ఏ నెలలో ఏముండేదో రైతు చేతిలో కాగితం లేదు. కాగితం లేనివాడు ఎంత అరిచినా "అది మీ రాతిలోనే ఉంది" అనేస్తారు. లాగ్స్ లేకుండా ప్రొడక్షన్ ఇష్యూ మీద వెండారుతో కొట్లాడి గెలిచినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, పాదాభివందనం చేస్తా.

అందుకే మా గ్రూపులో చప్పట్లు కొట్టినవాళ్ళని నేను ఒకటి అడిగా. కప్పట్రాళ్ళ రాతిలో యురేనియం ఉందనే కదా వాళ్ళు వచ్చింది. తవ్వకాలు ఆగాయి, మంచిదే. రాయి ఎక్కడికీ పోలేదు కదా? దాని మీదుగా నీళ్ళు మనం పుట్టకముందు నుంచీ పారుతూనే ఉన్నాయి కదా? ఆ నీళ్ళే మన బోర్లలోకి వస్తున్నాయేమో, ఒక్కరైనా పరీక్ష చేయించారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకి 30 మైక్రోగ్రాములు దాటొద్దంటుంది, మన అణుశక్తి నియంత్రణ మండలి 60 దాకా ఒప్పుకుంటుంది. మన బోరు అంకె ఎంత? గ్రూపంతా నిశ్శబ్దం. కాసేపటికి ఎవరో టమాటా రేటు పెట్టారు.

ఈ వ్యాసం చదివేవాళ్ళలో చాలామంది ఊరికి ఏదో ఒకటి చేద్దామనుకునేవాళ్ళే. మనవాళ్ళ ఫేవరెట్ ఏంటంటే ఆరో ప్లాంటు. అయిదారుగురు అమెరికా ఫ్రెండ్సు డాలర్లు వేసుకుని ప్లాంటు కట్టించి, రిబ్బను కత్తిరించి ఫోటో. నేనూ ఒకదానికి డబ్బులిచ్చా, కాబట్టి తిట్టే హక్కు ఉంది. జనం తాగే నీళ్ళు బాగుపడతాయి, ఒప్పుకుంటా. కానీ ప్లాంటు వదిలే వ్యర్థపు నీళ్ళలో తీసేసిన ఉప్పంతా ఉంటుంది. మా ఊళ్ళో అది ప్లాంటు వెనక గుంతలోకి పోతుంది. గుంత పక్కనే ఎండిన పంచాయతీ బోరు. చెప్పాల్సింది ఇంకేం లేదు. నా మటుకు నాకు, ప్లాంటు ఖర్చులో కొంత పక్కన పెట్టి ఊళ్ళో బోర్లన్నిటికీ ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి, లోతు రాసి మరీ నీళ్ళు పరీక్ష చేయించి, ఆ అంకెలు పంచాయతీ గోడ మీద రాయించడం ఎక్కువ పనికొస్తుందనిపిస్తుంది. రైతులకి ఇవి అర్థం కావు అనేవాళ్ళకి ఒక మాట. 2003 నుంచి కొన్నేళ్ళు మన కర్నూలుతో సహా ఏడు జిల్లాల్లో రైతులే వానలూ, బోరు నీటి మట్టాలూ కొలిచి, గోడల మీద రాసి, ఏ పంట వేయాలో కూర్చుని లెక్క కట్టుకున్నారు. ఏపీఫామ్స్ అని ఆ ప్రాజెక్టు పేరు. మట్టం కొలిచినవాళ్ళకి ఫ్లోరైడు కొలవడం బ్రహ్మవిద్యేం కాదు.

ఇంకొకటి, చచ్చిన బోర్లు పూడ్చడం. పిల్లలు పడిపోతున్నారని 2010లో సుప్రీం కోర్టు ఆదేశాలిచ్చింది. వదిలేసిన బోరుని అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టీ, ఇసుకా, రాళ్ళతో నింపాలని అందులో ఉంది. మనం చేసేది పైన ఒక బండ పెట్టడం. బండ పిల్లల్ని ఆపుతుంది, అదీ కొన్నాళ్ళు. నీళ్ళని ఆపదు. నింపేటప్పుడు కనీసం మొరానికీ రాయికీ మధ్య భాగంలో బంకమట్టో సిమెంటో దట్టిస్తే, కోర్టు పిల్లల కోసం చెప్పిన పనే పొరల్ని కూడా మళ్ళీ విడగొడుతుంది.

ఇంత ఉపన్యాసం ఇచ్చాక మా ఇంట్లో సంగతి చెప్పకపోతే బాగుండదు. మొన్న నాయనకి ఫోన్ చేసి, వంక పక్కన చచ్చిన బోరు అడుగు నుంచి పూడ్పిద్దాం, ఖర్చు నేను పెట్టుకుంటా అన్నా.

"దాన్నెందుకు పూడ్చల్ల? వాన పడితే దాంట్లోకి నీళ్ళు దిగుతాండాయి. ఆ నీళ్ళతోనే రా పక్క బోరు బతుకుతాండేది. అది పూడిస్తే టమాటాకి నీళ్ళు నువ్వు బెంగుళూరు నుంచి పంపుతావా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పింది నిజమే. ఆ రంధ్రం గుండానే కింది పగుళ్ళకి నీళ్ళు చేరుతున్నాయి. ఆ నీళ్ళతో పాటు ఇంకేం చేరుతోందో నాకు తెలీదు, ఆయనకీ తెలీదు. రెండు రోజులు వాదించుకున్నాక చివరికి కుదిరిన రాజీ ఏంటంటే, నేను వచ్చే వానాకాలం ఊరికి పోయినప్పుడు మూడు సీసాలు పడతాం. బతికున్న బోరుది ఒకటి, ఉప్పు బోరు అడుగున ఏమైనా మిగిలుంటే తాడు కట్టి తోడింది ఒకటి, చచ్చిన బోరులో కారే నీళ్ళు తాడుకి సీసా కట్టి పట్టింది ఒకటి. ఫ్లోరైడు, నైట్రేటు, యురేనియం మూడూ చూడాలని ల్యాబుకి ఈసారి ముందే చెప్తా. అంకెలు చూశాక పూడ్చాలో, పైన వడపోత గుంత కట్టి వదిలేయాలో తేల్చుకుందామన్నాడు.

"సీసాలు మాత్రం నువ్వే తెచ్చుకో. ఇంట్లో ఉండేవన్నీ నూనెవి, పురుగుమందువి" అని ఫోన్ పెట్టేశాడు.